గాలీ వానా ఉన్న రోజున నేరోబోట్ నడపడం ఎలా: న్యూ మార్టన్ లాకుల నుంచి ట్రెవర్ దాకా

బ్రిటన్‌లో నేరోబోట్ అద్దెకు తీసుకుని కాలువ మీద వెళ్తున్నాం అనగానే మనవాళ్లు అడిగే మొదటి మాట, "మరి వానొస్తే?" అని. వానొస్తే తడుస్తాం. మంచి జాకెట్ ఉంటే అదీ అంతగా ఉండదు. అడగాల్సింది గాలి గురించి. ఇన్నిసార్లు కాలువ మీద తిరిగాక నాకు గట్టిగా అర్థమైంది ఇదే: వాన పడవను ఏమీ చేయదు, గాలి చేస్తుంది. అందుకే ఇక్కడి మాటల్లో ఎక్కువ భాగం గాలి చుట్టూనే తిరుగుతాయి.

ఎందుకో తెలియాలంటే ముందు పడవను చూడాలి. నేరోబోట్ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. సుమారు 7 అడుగుల వెడల్పున్న లాకుల్లో (పడవను ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించే, దించే తలుపుల గదులు ఇవి) పట్టేలా కట్టినది. పొడవు మాత్రం 60, 70 అడుగుల దాకా ఉంటుంది. ఉక్కు పడవ, అడుగు చదును, బరువు 15 టన్నులకు తక్కువ ఉండదు. నీళ్లలో మునిగేది రెండడుగుల చిల్లర. మిగతాదంతా నీటిపైన నిలబెట్టిన పొడవాటి గోడలాంటిది. ఆ గోడకు పక్కనుంచి ఈదురుగాలి కొడితే అన్ని టన్నుల పడవా మెల్లగా, ఆగకుండా పక్కకు జరిగిపోతుంది. చేత్తో ఆపగలిగేది కాదు.

నేను చెప్పే దారి లాంగోలెన్ కాలువలో ఒక ముక్క. ఇంగ్లండ్‌లో ష్రాప్‌షైర్ పొలాల మధ్య ఉన్న న్యూ మార్టన్ లాకుల దగ్గర మొదలై, చర్క్ దగ్గర వేల్స్‌లోకి దాటి, ట్రెవర్ దాకా. రెండు లాకులు, రెండు సొరంగాలు, రెండు అక్విడక్టులు (లోయ మీదుగా కాలువను తీసుకెళ్లే వంతెనలు), ఒక ఎత్తుడు వంతెన, అన్నీ ఒకే రోజులో తగులుతాయి. వారానికో వీకెండ్‌కో పడవ తీసుకున్నవాళ్లకు ఇది సరిగ్గా ఒక రోజు ప్రయాణం. ఆగకుండా వెళ్తే నాలుగైదు గంటలు, భోజనానికీ వానకీ ఆగితే రోజంతా. ఒక్క రోజుకే పడవ తీసుకునేవాళ్లు చర్క్ దగ్గర ఎక్కి ట్రెవర్ దాకా వెళ్లి వెనక్కి రావచ్చు, అప్పుడు లాకులే ఉండవు. అద్దె పడవ నడపడానికి ఇక్కడ లైసెన్స్ అక్కర్లేదు. పడవ ఇచ్చేవాళ్లు ఎక్కించే ముందు నేర్పిస్తారు. ఆ పాఠం జరుగుతుండగా ఫోన్లు పక్కన పెట్టి అందరూ వినండి, నడిపేవాళ్లొక్కరే కాదు.

ముందు రోజు రాత్రి

బ్రిటన్ వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ యాప్‌లో గంట గంటకూ ఇచ్చే పట్టిక తెరవండి. మన చూపు ముందు వాన గుర్తు మీదికే పోతుంది. దాన్ని వదిలేసి గాలి వరుస చూడండి. అందులో రెండు అంకెలుంటాయి: మామూలు గాలి, ఉండుండి కొట్టే గాలి. మీక్కావాల్సింది రెండోది. నేను పెట్టుకున్న లెక్క ఇది: గంటకు 20 మైళ్ల లోపయితే బయల్దేరతాను. 25 దాటితే, పడవలో కొత్తవాళ్లు ఉంటే, తగ్గేదాకా కట్టేసి ఉంచుతాను. 30 దాటితే ఎవరున్నా కదలను. పొద్దున గాలి తక్కువగా ఉండి మధ్యాహ్నానికి పెరిగే రోజులు ఇక్కడ చాలా ఉంటాయి కాబట్టి, అలాంటప్పుడు ఆరున్నరకే లేచి, తొందరగా కదిలి, ఒంటిగంటకల్లా ఎక్కడో ఒకచోట కట్టేసేలా చూసుకోండి.

గాలి ఏ దిక్కు నుంచో కూడా చూడాలి. ఇక్కడ ఎక్కువగా పడమటి గాలే. చర్క్ వైపు వెళ్తున్నంతసేపూ అది చాలావరకు ఎదురుగా తగులుతుంది, దాన్ని తట్టుకోవడం సులువు. చర్క్ దాటాక కాలువ ఉత్తరానికి తిరుగుతుంది. అప్పుడు ఎడమ పక్కనుంచి కొడుతుంది. నయమేమిటంటే చర్క్ తర్వాత కొంత దూరం కాలువ లోతుగా తవ్విన దారిలో, చెట్ల నీడలో వెళ్తుంది. గాలి పైనుంచే పోతుంది. న్యూ మార్టన్ చుట్టుపక్కల, ఆ రెండు అక్విడక్టుల మీద మాత్రం దాక్కునే చోటు ఉండదు.

ఇంకో రెండు పనులు: ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ల కాలువలనూ నదులనూ చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వెబ్‌సైట్‌లో ఆ దారిలో లాకుగానీ వంతెనగానీ మూసేశారేమో చూసుకోండి. సూర్యాస్తమయం ఎన్నింటికో రాసుకోండి. అద్దె పడవలు చీకటి పడ్డాక కదలకూడదు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, మార్చి మొదట్లో ఆరుకే పోతుంది.

ఏం వేసుకోవాలి

గొడుగు తీసుకురావద్దు. చుక్కాని దగ్గర నిలబడ్డవాళ్లకు ఒక చేయి ఎప్పుడూ టిల్లర్ (చుక్కానిని తిప్పే పిడి) మీదే ఉండాలి, రెండో చేయి ఇంజన్ లీవర్ దగ్గర. పైగా గాలికి గొడుగు ఎటు లాగితే మనిషీ అటే. వాన ఆపే జాకెట్, పైన తొడుక్కునే వాన ప్యాంటు, రెండూ ఉండాలి. జాకెట్ ఒక్కటే ఉంటే దాని మీంచి కారిన నీళ్లన్నీ తొడల మీదికి చేరతాయి. లోపల జీన్స్ వద్దు, ఒకసారి తడిస్తే ఆ రోజుకి ఆరదు. పలచటి బట్టలు రెండు మూడు పొరలుగా వేసుకుంటే ఎండ రాగానే ఒకటి తీసేయొచ్చు. ఏప్రిల్‌లో ఒక్క గంటలో వడగళ్లూ ఎండా రెండూ చూశాను, ఆ గంటలో మూడుసార్లు బట్టలు మార్చాను.

కళ్లజోడు ఉన్నవాళ్లు హుడ్ కింద ముందుకు అంచున్న టోపీ పెట్టుకోండి, అద్దాల మీద చినుకు పడదు. తాళ్లు పట్టుకునేవాళ్లకు గ్లవ్స్. కాళ్లకు పట్టున్న బూట్లు, చెప్పులతో ఎక్కనివ్వకండి.

మన ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. చున్నీ, చీర కొంగు, మెడలో వేలాడే స్కార్ఫ్, ఇవేవీ లాకు దగ్గరా ఇంజన్ దగ్గరా ఉండకూడదు. తిరిగే ఇరుసుల్లో చుట్టుకుంటాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మకో అత్తగారికో చీరలోనే సుఖంగా ఉంటే, పడవ ముందువైపు బెంచీల దగ్గర శాలువా కప్పి కూర్చోబెట్టండి. నిజానికి చూడటానికి అదే అన్నిటికన్నా మంచి చోటు.

వంట పొద్దున్నే అయిపోవాలి. గాలి ఉన్న రోజు నడుస్తున్న పడవలో పొయ్యి మీద నూనె పెట్టకండి. పులిహోర, పెరుగన్నం, ఉడకబెట్టిన గుడ్లు, రెండు ఫ్లాస్కుల నిండా టీ ఉంటే చాలు. చుక్కాని దగ్గరున్న మనిషికి గంటకోసారి వేడి టీ అందించే బాధ్యత ఒకరికి అప్పగించండి. చలికి చేతులు బిగుసుకుపోతే నడపడం తప్పుతుంది.

కదిలే ముందు

పడవ ఇచ్చినవాళ్లు చెప్పిన ఇంజన్ పరీక్షలు వరసగా చేయండి. తర్వాత లెక్క చూసుకోండి: విండ్లాసులు రెండు (లాకు తలుపులకుండే షట్టర్లు తిప్పే ఎల్ ఆకారపు ఇనుప పిడి ఇది), కట్టు మేకులు, వాటికి సుత్తి, పొడవాటి గెడ, టార్చి, విసిరే లైఫ్ రింగ్. పిల్లలకూ ఈత రానివాళ్లకూ లైఫ్ జాకెట్లు లోపలున్నప్పుడు కాదు, బయటికి అడుగుపెట్టే ముందే వేయాలి. తాళ్లు చుట్టలుగా చుట్టి పైకప్పు మీద పెట్టండి. నీళ్లలో వేలాడే తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే ఆ రోజు ప్రయాణం అక్కడితో సరి.

పడవ మధ్యలోంచి వచ్చే తాడు కొస చుక్కాని పట్టుకున్నవాళ్ల చేతికి అందేలా ఉండాలి. గాలి రోజున అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఈ తాడే.

చుక్కాని పట్టడం

టిల్లర్‌ను ఎడమకు తోస్తే పడవ కుడికి తిరుగుతుంది, కుడికి తోస్తే ఎడమకు. పదిహేను నిమిషాల్లో అలవాటవుతుంది. కారులా ముందు చక్రాలు తిరిగినట్టు కాదు, పడవ తన నడుము మీద తిరుగుతుంది. ముందు కొస ఎడమకు పోతే వెనక కొస కుడికి ఊగుతుంది. ఆ వెనక కొస ఎక్కడ తగులుతుందో చూసుకుంటూ ఉండాలి.

బ్రేకులు లేవు. ఆగాలంటే రివర్స్ వేయాలి, వేసినా ఆగడానికి సమయం పడుతుంది, రివర్స్‌లో ఉన్నప్పుడు చుక్కాని పెద్దగా మాట వినదు. ఎదురుగా పడవ వస్తే మీరు కుడికి తప్పుకోండి. ఇండియాలోనూ బ్రిటన్‌లోనూ రోడ్డు మీద ఎడమకు పోయే అలవాటుతో చెయ్యి పొరపాటు పడుతుంది, జాగ్రత్త. వేగం గంటకు 4 మైళ్లు మించకూడదు. గట్టుకు కట్టి ఉన్న పడవల పక్కనుంచి అంతకన్నా బాగా నెమ్మదిగా పోవాలి. లోపల మనుషులు కాపురం ఉంటారు, మీ వేగానికి వాళ్ల పొయ్యి మీద గిన్నె ఒలికిపోతుంది. మీ వెనక గట్టుకు తగిలి విరిగే అల కనిపిస్తే వేగం ఎక్కువైందని లెక్క.

ఈ కాలువకు ఇంకో గుణం ఉంది. మామూలు కాలువలో నీళ్లు నిలకడగా ఉంటాయి. ఇందులో ప్రవాహం ఉంటుంది. లాంగోలెన్ ఎగువన డీ నదికి అడ్డంగా ఇంజనీర్ థామస్ టెల్ఫర్డ్ కట్టించిన ఆనకట్ట నుంచి నీళ్లు బయల్దేరి హర్ల్‌స్టన్ రిజర్వాయర్ దాకా పోతాయి, అక్కడి నుంచి తాగునీటికి వాడతారు. మీరు ట్రెవర్ వైపు వెళ్తున్నారంటే ఎదురీదుతున్నట్టే. ఇరుకు చోట్ల పడవ కదులుతోందా లేదా అనిపిస్తుంది. ఇంజన్ మీద కోపగించి వేగం పెంచకండి, అది అంతే.

గాలితో

గాలి కనిపిస్తుంది, చూడటం నేర్చుకోవాలి. ముందున్న నీళ్ల మీద నల్లటి ముడతలు మీ వైపు పరుగెత్తి వస్తుంటే పది సెకన్లలో దెబ్బ తగులుతుంది. గట్టు మీద తుంగ ఒక పక్కకు పడుకుంటుంది. పొదల కంచెలో పొలం గేటున్న చోట ఖాళీ ఉంటుంది, అక్కడినుంచి గాలి గొట్టంలోంచి వచ్చినట్టు వస్తుంది. అలాంటి ఖాళీ కనిపించగానే ముందు కొసను కొద్దిగా గాలి వైపు తిప్పి ఉంచండి. పడవ ఎండ్రకాయలా కొంచెం ఏటవాలుగా నడుస్తుంది. చూడటానికి వంకరగా ఉన్నా పోయేది తిన్నగానే.

గాలిలో మరీ నెమ్మదిస్తే ప్రమాదం. ప్రొపెల్లర్ తోసే నీళ్లు చుక్కానికి తగిలితేనే అది పని చేస్తుంది. కట్టిన పడవల పక్కనుంచి పోయేటప్పుడు నెమ్మదించాలి, గాలికి నెమ్మదించకూడదు, ఈ రెండిటి మధ్య ఇరుక్కుపోతాం. దానికి మార్గం ఇదీ: దూరం నుంచే వేగం తగ్గించుకురండి, పక్కకు జరుగుతున్నట్టు అనిపించినప్పుడు మాత్రం రెండు మూడు సెకన్లు ఇంజన్ పెంచి, పడవను సరిచేసి, మళ్లీ తగ్గించండి.

ఎంత చేసినా ఒక్కోసారి గాలి పడవను గట్టుకు నొక్కేస్తుంది. టెన్షన్ పడకండి. ఇంజన్ అరిపిస్తే అడుగునున్న బురద పైకి లేవడం తప్ప జరిగేదేమీ ఉండదు. గాలి ఊపు తగ్గేదాకా ఆగండి. తెరిపి రాగానే గెడతో వెనక కొసను గట్టు నుంచి దూరంగా తోసి, రివర్స్‌లో కాలువ మధ్యకు రండి. ముందు కొసను మాత్రం తోసి ముందుకు పోదామని చూస్తే వెనక భాగం గట్టును ఒరుసుకుంటూనే ఉంటుంది. గెడను పక్కనుంచి పట్టుకోండి, కడుపుకు ఆనించి తోయకండి.

గట్టుకు చేరడంలో కూడా గాలిదే పెత్తనం. గాలి గట్టు వైపు కొడుతుంటే చేరడం సులువు, కదలడం కష్టం. గట్టు నుంచి కాలువ వైపు కొడుతుంటే మీకున్నది కొద్ది సెకన్లే: పడవ తాకగానే ఒకరు మధ్య తాడుతో గట్టు మీదికి అడుగు వేసి, తాడును గట్టు మీద పాతిన పొట్టి స్తంభానికి (బొల్లార్డ్) ఒక చుట్టు తిప్పాలి. అడుగు వేయాలి, దూకకూడదు. తడిసిన ఉక్కు అంచు మీదినుంచి దూకి కాలు పడవకూ గట్టుకూ మధ్య పడితే ఎముకలు నలిగిపోతాయి. పడవను కాలితోగానీ చేత్తోగానీ ఆపడానికి ప్రయత్నించవద్దని ఎక్కేముందు ఇంట్లో అందరితో ఒకసారి అనిపించండి.

ఎవరైనా నీళ్లలో పడితే మొదట న్యూట్రల్, వెంటనే ఇంజన్ ఆపడం. రివర్స్ వేయకండి, ప్రొపెల్లర్ తిరుగుతుంది. కాలువ చాలాచోట్ల నడుము లోతే, నిలబడమని అరవండి, లైఫ్ రింగ్ విసరండి.

న్యూ మార్టన్ లాకులు

మా నాన్న ఒకసారి మాతో వచ్చారు. మొదటి లాకు కనిపించగానే లేచి నిలబడి, "ఇవి మన లొల్ల లాకుల్లాంటివే కదరా" అన్నారు. ఆ మాటతో నాకు సగం భయం పోయింది. గోదావరి డెల్టా వాళ్లకు లాకు కొత్తేమీ కాదు. కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాక తవ్విన కాలువలు నీళ్లు పారించడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. లాకు అన్న మాట మన ఊళ్ల పేర్ల పక్కన అప్పటినుంచే ఉంది. ఇక్కడ తేడా ఒకటే, లాకు మనిషి ఉండడు. తలుపులు మనమే తీయాలి, మనమే వేయాలి.

న్యూ మార్టన్‌లో రెండు లాకులున్నాయి. ట్రెవర్ వైపు అంటే పైకెక్కడం. వరస ఇది:

1. లాకు కింద, ఆగడానికి కట్టిన చోట పడవ ఆపండి. విండ్లాస్‌తో ఒకరు వెళ్లి చూడాలి. లాకు నిండుగా ఉండి, పైన ఎవరైనా దిగడానికి ఎదురుచూస్తుంటే ముందు వాళ్లను రానివ్వండి.

2. ఎవరూ లేకపోతే పై తలుపూ దాని షట్టర్లూ మూసి ఉన్నాయని చూసి, కింది షట్టర్లు ఎత్తి లాకు ఖాళీ చేయండి.

3. కింది తలుపులను వాటి దూలాలకు నడుము ఆనించి, కాళ్లతో తోస్తూ తీయండి. మట్టం సమం కాకముందు ఎంత తోసినా అవి కదలవు.

4. పడవ లోపలికి రావాలి. ఇక్కడే జాగ్రత్త. లాకు పక్కనుంచి మిగులు నీళ్లు దిగే చిన్న కాలువ ఒకటి ఉంటుంది, లాకు నోటికి కొంచెం కింద పక్కనుంచి వచ్చి కలుస్తుంది. లాంగోలెన్ కాలువలో ఆ నీళ్ల తోపు బలంగా ఉంటుంది. మొదటిసారి నేను భయంతో సరిగ్గా అక్కడే నెమ్మదించాను. ముందు కొస అరచేత్తో తోసినట్టు పక్కకు జరిగి గోడకు తగిలింది, లోపల అల్మారాలో గ్లాసులన్నీ ఒకేసారి గలగలమన్నాయి. దూరం నుంచే పడవను లాకుకు సూటిగా పెట్టుకుని, ముందు కొసను ఆ నీళ్లు వచ్చే వైపు కాస్త మొగ్గి ఉంచి, నిలకడైన వేగంతో రండి. లోపలికి చేరాక రివర్స్ వేసి ఆపండి.

5. కింది తలుపులు మూసి, షట్టర్లు దించండి.

6. పై షట్టర్లు సగమే ఎత్తండి. నీళ్లు ఒక్కసారిగా వస్తే పడవ ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. కాస్త నిండాక పూర్తిగా ఎత్తండి. పడవ పైకి లేస్తుంటే అంచు ఏ రాతి కిందా ఇరుక్కోలేదని చూస్తూ ఉండాలి. తేడా కనిపిస్తే అరవండి, వెంటనే షట్టర్లు దించేయాలి.

7. మట్టం సమం కాగానే పై తలుపు దానంతట అదే వదులవుతుంది. బయటికి వచ్చాక తలుపు మూసి, షట్టర్లు దించి వెళ్లండి.

విండ్లాస్‌ను ఇరుసు మీద వదిలి చెయ్యి తీయకండి. అడ్డుపెట్టే పళ్లు జారితే అది గిర్రున తిరిగి ముఖానికి తగులుతుంది. వాన పడుతుంటే లాకు తలుపు మీది సన్నటి చెక్క దారి సబ్బు రాసినట్టుంటుంది. రెండు చేతులా పట్టుకుని, ఒక్కొక్కరే, నడిచి దాటండి. విండ్లాస్ నడుము బెల్టులో దోపుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఇదే లాకులో కిందికి దిగుతారు. అప్పుడు వెనక తలుపు దగ్గర నీళ్ల కింద రాతి మెట్టు ఉంటుంది, పక్క గోడ మీద తెల్లగీత వేసి గుర్తు పెడతారు. పడవ వెనక భాగం ఆ గీతకు ముందే ఉండాలి. మెట్టు మీద చుక్కాని ఆనితే నీళ్లు దిగుతున్న కొద్దీ ముందుభాగం కిందికి పోయి పడవ మునుగుతుంది. దిగుతున్నంతసేపూ చుక్కాని దగ్గర మనిషి కన్ను ఆ గీత మీదే ఉండాలి.

చర్క్: అక్విడక్టు, ఆ వెంటనే సొరంగం

చర్క్ అక్విడక్టు 1801లో పూర్తయింది. కైరియోగ్ లోయ మీద 21 మీటర్ల ఎత్తున మీ పడవ పోతుంటే, పక్కనే ఇంకా ఎత్తుగా రైలు వంతెన ఉంటుంది. కింద ఆ చిన్న ఏరే సరిహద్దు, ఇటు ఇంగ్లండ్, అటు వేల్స్. ఒక్క పడవకే దారి. ఎదురుగా ఎవరైనా ఎక్కేశారేమో చూసి కదలండి.

అది దాటీ దాటగానే 421 మీటర్ల సొరంగం. ఇదీ ఒక్క పడవకే. నోటి దగ్గర ఆగి లోపలికి చూడండి, దీపం కనిపిస్తే అది బయటికి వచ్చేదాకా ఆగాలి. ముందు దీపం వేయండి, లోపలి గదుల దీపాలు కూడా వేస్తే గోడలు కనిపిస్తాయి. ఎండ కాస్తున్నా సరే వాన జాకెట్ తొడుక్కోండి, పైకప్పు నుంచి చల్లటి నీళ్లు సరిగ్గా మెడ వెనక పడతాయి. నల్ల కళ్లద్దాలు తీసేయండి. ప్రవాహానికి ఎదురు కాబట్టి పది నిమిషాలు పైగానే పడుతుంది. గోడను కాకుండా దూరంగా చిన్న నాణెంలా కనిపించే వెలుగును చూస్తూ నడపండి.

ముసురు పట్టినప్పుడు

సొరంగం దాటాక చెట్ల మధ్య భోజనానికి ఆగడం మాకు అలవాటు. కట్టే చోటు మలుపులో, వంతెన కింద, లాకు దగ్గర, పడవలు తిప్పుకోవడానికి వెడల్పు చేసిన చోట కాకూడదు. మేకులను పడవకు దూరంగా వంచి కొట్టండి. వానకు నానిన గట్టులో ఒక్క మేకు ఆగదు, పక్క పడవ పోగానే ఊడి వస్తుంది. రెండు మేకులను ఒకదానికొకటి అడ్డంగా కత్తెరలా కొట్టి తాడు కడితే నిలుస్తుంది. మేకుల మీద ఏదైనా తెల్లటి గుడ్డ కట్టండి, నడిచేవాళ్లు తట్టుకుని పడకుండా.

చలిగా ఉందని గాలి వచ్చే రంధ్రాలను గుడ్డలతో మూసేయాలనిపిస్తుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకండి. పొయ్యి, గ్యాస్ వల్ల వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అలారం పని చేస్తోందో లేదో బటన్ నొక్కి చూడండి. వేడి కోసం గ్యాస్ పొయ్యి వెలిగించి వదలకండి.

ఉరుము వినిపిస్తే చేతిలో ఇనుప టిల్లర్ పట్టుకుని నిలబడకూడదు. ఒంటరి చెట్టు కింద కాకుండా కట్టేసి, అందరూ లోపలికి. అరగంటలో తెరిపి ఇస్తుంది. తినే ముందు చేతులు సబ్బుతో కడగండి. కాలువ నీళ్లలో ఎలుకల మూత్రం వల్ల వచ్చే జబ్బు ఉండే వీలుంది. చేతి మీద గాయం ఉంటే నీళ్లు తగలని ప్లాస్టర్ వేయండి.

పాంట్‌కసల్తే

ఆ పేరు మధ్యలో వచ్చే వెల్ష్ అక్షరానికి తెలుగులో రాత లేదు. నాలుక 'ల' దగ్గర పెట్టి, పక్కనుంచి గాలి వదిలితే వచ్చే శబ్దం అది.

చర్క్ తర్వాత 175 మీటర్ల వైట్‌హౌసెస్ సొరంగం, ఆపైన ఫ్రాన్ ఊళ్లో ఎత్తుడు వంతెన వస్తాయి. వంతెన ఎత్తే మనిషి ముందు గట్టు దిగి, మనుషులూ బండ్లూ లేరని చూసి, విండ్లాస్‌తో పూర్తిగా లేపాలి. పడవ మొత్తం దాటేదాకా అక్కడే ఉండాలి.

అక్కడ ఆగి గాలి మళ్లీ చూసుకోండి. ఇక ముందుంది పాంట్‌కసల్తే అక్విడక్టు: 307 మీటర్ల పొడవు, డీ నది మీద 38 మీటర్ల ఎత్తు. థామస్ టెల్ఫర్డ్, విలియం జెస్సప్ కట్టించిన ఈ అక్విడక్టు 1805 నవంబర్‌లో తెరిచారు, 2009లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. రాతి స్తంభాల మీద పోత ఇనుప తొట్టి, దాన్నిండా నీళ్లు. ఒక పక్క నడకదారి, దానికి కమ్ములు. రెండో పక్క ఏమీ లేదు, తొట్టి అంచు నీటికి కొద్దిగా పైన ఆగిపోతుంది. పడవలో నిలబడి అటు చూస్తే కింద చెట్ల తలలు కనిపిస్తాయి.

పడవ తొట్టి దాటి బయటికి పోదు, ఆ భయం వద్దు. గాలి కొడితే ఇనుప గోడకు ఆనుకుని గీసుకుంటూ పోతుంది, అంతే. జాగ్రత్త పడాల్సింది మనుషుల గురించి. పిల్లలు లోపల, తలుపులు వేసి. పైకప్పు మీద ఎవరూ ఉండకూడదు. ఫొటో కోసం ఆ కమ్ములు లేని పక్కకు వంగకూడదు. కళ్లు తిరిగేవాళ్లు లోపల కూర్చోవచ్చు, లేదా కమ్ములున్న దారి మీద నడిచి రావచ్చు, పడవకన్నా వాళ్లే ముందు చేరతారు. ఎదుటి కొస నుంచి పడవ రావడం లేదని చూసి, నెమ్మదిగా ఎక్కండి. తొట్టిలో నీళ్లకు పక్కలకు పోయే చోటు లేదు కాబట్టి ఇంజన్ పెంచినా వేగం రాదు. చుక్కాని పట్టుకున్నవాళ్లు కిందికి కాదు, ముందు కొస మీదుగా ట్రెవర్ వైపు చూడాలి.

నాన్న కమ్ముల పక్కన ముందు బెంచీ మీద కూర్చుని మాట్లాడకుండా చూశారు. అవతల గట్టుకు చేరాక, పి.గన్నవరంలో వైనతేయ మీదుగా కాలువను తీసుకెళ్లే అక్విడక్టు కింద చిన్నప్పుడు నిలబడి, పైన నీళ్లు, కింద నీళ్లు చూసిన సంగతి చెప్పారు.

ట్రెవర్‌లో

ట్రెవర్ బేసిన్‌లో రద్దీ ఎక్కువ, సాయంత్రానికి చోటు దొరకకపోవచ్చు. గాలి ఉన్న రోజున నాలుగింటికల్లా చేరితే మంచిది. ఇక్కడినుంచి లాంగోలెన్ దాకా ఇంకా ఇరుకు, కొన్ని చోట్ల ఒకే పడవకు దారి, ముందు ఒకరు నడిచి వెళ్లి ఎదురుగా ఎవరూ లేరని చూసి చెప్పాలి. వానలో అలసిపోయి ఉంటే దాన్ని రేపటికి వదిలేయండి.

కట్టేశాక ముందు తడి బట్టలు ఇంజన్ గదిలో ఆరేయండి, పొయ్యికి ఆనించి మాత్రం పెట్టకండి. తాళ్లు ముందూ వెనకా రెండు వైపులా బిగువు సమంగా ఉందో చూడండి. తాడు రాత్రి వదులు కావచ్చు, పడుకునే ముందు ఇంకోసారి టార్చి వేసుకుని వెళ్లి లాగి కట్టండి. విండ్లాసులు రెండూ లోపల ఉన్నాయా లెక్క చూసుకోండి. తర్వాత ఫోన్ తీసి రేపటి పట్టికలో గాలి వరుస తెరవండి.